నీళ్లలో పడిన ఫోన్, మారిన సిమ్: ఊళ్లో సిగ్నల్ లేదు, తప్పు దేనిది?

కాలవగట్టు
మాది కోనసీమ, ముమ్మిడివరం దగ్గర పల్లె. పోయిన నెల కాలవ రేవులో కాళ్లు కడుక్కుంటుంటే చొక్కా జేబులోంచి ఫోన్ జారి నీళ్లలో పడింది. మోకాల్లోతు నీళ్లే, పది సెకన్లలో తీసేశాను. బియ్యం డబ్బాలో రెండు రోజులు ఉంచాను. ఆన్ అయింది గానీ డిస్‌ప్లే నిండా చారలు. టౌన్‌లో కాంబో (డిస్‌ప్లే, టచ్ కలిసి ఉండే ముక్క) మార్పించాను, 2,400 అయింది. అదే వారంలో రీఛార్జి ధరలు భరించలేక నంబరు వేరే కంపెనీకి పోర్ట్ పెట్టాను.

ఇప్పుడు పరిస్థితి ఏమిటంటే, అమలాపురం వెళ్తే 4జీ బాగానే వస్తుంది. ఊళ్లోకి రాగానే పోతుంది. ఇంట్లో ‘సర్వీస్ లేదు’ అని చూపిస్తుంది. డాబా ఎక్కితే ఒక గీత, దాని పక్కన ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం. రిపేరు చేసినతను ఫోన్ బాగుంది, నెట్‌వర్కే లేదంటాడు. సిమ్ ఇచ్చినచోట టవర్ బాగుంది, మీది నీళ్లలో పడిన ఫోన్ కదా అంటారు. ఇద్దరి మధ్య మూడుసార్లు టౌన్‌కి తిరిగాను.

అమ్మకి షుగర్. నేను పొలంలో ఉన్నప్పుడు ఆవిడ ఫోన్ చేస్తే కలవకపోతే నాకు ప్రాణం కుదురుగా ఉండదు. ఫోన్ 2018లో కొన్నది. కొత్తది కొనాలా, మళ్లీ పోర్ట్ పెట్టాలా, ఇంకోసారి రిపేరుకి ఇవ్వాలా? ఎవర్నీ తిట్టాలని కాదు కాబట్టి కంపెనీల పేర్లు రాయడం లేదు. ఫోన్ మోగితే చాలు.

గోంగూర_పచ్చడి
బియ్యంలో పెట్టి మంచి పని చేశారు. మా ఆయన ఫోన్ రెండుసార్లు బియ్యంలోనే బతికింది.

నిశ్శబ్దం_మోడ్
2018 ఫోన్‌కి ఇంకా ఖర్చెందుకు అన్నా, కొత్తది తీసుకో.

బడిపంతులు
కొత్తది కొన్నాక కూడా ఇంట్లో సిగ్నల్ రాకపోతే? ముందు జబ్బేదో తెలియాలి కదా.

బోర్డు_మాస్టారు
హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో పని నేర్చుకుని పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. కాలవగట్టు తమ్ముడూ, డబ్బులేవీ ఖర్చు పెట్టకుండా ముందు మూడు పనులు చెయ్యి.

డయలర్‌లో *#06# కొట్టు. పదిహేను అంకెల ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు వస్తుంది, రెండు సిమ్ముల ఫోనైతే రెండు వస్తాయి. అవి నీ ఫోన్ డబ్బా మీద ఉన్నవేనా చూడు. ఖాళీగా వచ్చినా సున్నాలు వచ్చినా బోర్డో సాఫ్ట్‌వేరో దెబ్బతిన్నట్టే, ఇక సిమ్ మీద అనుమానం అక్కర్లేదు.

తర్వాత నీ సిమ్ తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో వెయ్యి. అదే గదిలో, అదే కుర్చీలో కూర్చుని చూడాలి. ఆ తర్వాత వాళ్ల సిమ్ నీ ఫోన్‌లో వేసి అక్కడే చూడు. ఈ తిరగేసి చూడటం చేయకుండా ఎవడు ఏం చెప్పినా అది ఊహే.

ఒకటి అడుగుతాను. కాంబో మార్చేటప్పుడు అతను బ్యాటరీ, కింది ఛార్జింగ్ బోర్డు కూడా విప్పాడా?

కాలవగట్టు
విప్పాడు మాస్టారూ. ఫ్రేము మొత్తం ఊడదీసి పాత డిస్‌ప్లే తీశాడు. నేను పక్కనే కూర్చున్నాను. లోపల బ్రష్‌తో ఏదో తుడిచాడు కూడా.

బోర్డు_మాస్టారు
అయితే నా అనుమానం యాంటెనా వైరు మీద. ఫోన్‌లో పై భాగాన మదర్‌బోర్డు, కింద ఛార్జింగ్ బోర్డు ఉంటాయి. చాలా మోడళ్లలో అసలు యాంటెనా కింది భాగంలోనే. పైనుంచి కిందికి సిగ్నల్ తెచ్చేది సేమ్యా అంత సన్నటి నల్ల వైరు, కొన్నిట్లో తెల్లది. దాని రెండు చివర్లా ఆవగింజంత గుండ్రటి గుండీ ఉంటుంది. సరిగ్గా దాని చోట పెట్టి గోటితో నొక్కితే ‘టిక్’ మని కూర్చుంటుంది. ఆ టిక్ వినపడకుండా మూత వేసేస్తే ఫోన్ చక్కగా ఆన్ అవుతుంది, కెమెరా పనిచేస్తుంది, వైఫై వస్తుంది. సిగ్నల్ మాత్రం టవర్ పక్కన ఉంటేనే వస్తుంది. వారానికి ఒకటైనా ఇలాంటిది నా బల్ల మీదికొస్తుంది.

రొయ్యల_చెరువు
మాస్టారు చెప్పింది నిజం. నాదీ అదే కథ, భీమవరంలో ఐదు నిమిషాల్లో సరిచేశారు. డబ్బులు తీసుకోలేదు.

నిశ్శబ్దం_మోడ్
కానీ టౌన్‌లో 4జీ బాగా వస్తోంది అంటున్నాడు కదా. వైరు ఊడితే అక్కడా రాకూడదు.

సిగ్నల్_సీతాకోక
వస్తుంది. వైరు ఊడినా ఆ లోహపు ముక్కలే కొంత సిగ్నల్ పట్టుకుంటాయి. టౌన్‌లో టవర్లు దగ్గర కాబట్టి బండి నడిచిపోతుంది. పల్లెలో టవర్ రెండు మూడు కిలోమీటర్లు ఉంటే అక్కడ బయటపడుతుంది. నేను నెట్‌వర్క్ ప్లానింగ్‌లో పనిచేస్తాను, గీతల్ని నమ్మొద్దని అందరికీ చెబుతుంటాను. ఎన్ని గీతలు చూపించాలనేది ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. అంకె చూడండి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్, అక్కడ సిగ్నల్ స్ట్రెంత్ అని మైనస్ అంకె ఉంటుంది. 4జీలో మైనస్ 85, 90 దగ్గరుంటే హాయిగా ఉన్నట్టు. మైనస్ 105 దాటితే మాట తెగడం మొదలవుతుంది. 115 దాటితే ఫోన్ కొట్టుమిట్టాడుతున్నట్టే. పది తేడా అంటే సిగ్నల్ శక్తి పదో వంతుకి పడినట్టు, ఇరవై తేడా అంటే వందో వంతు. అందుకే 97కీ 117కీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

ఇంకొక సంగతి. కాలవగట్టు గారి సమస్య రెండు ముక్కలని నాకనిపిస్తోంది. ఆయన నంబరు మార్చింది కూడా అదే వారంలో. ఫోన్ తప్పు ఒకటి, నెట్‌వర్క్ రకం తేడా ఒకటి, రెండూ ఒకేసారి వచ్చిపడితే ఎవరు చెప్పిందైనా సగమే నిజమవుతుంది.

పాలమూరు_పొద్దు
అవునక్కా, ఆ ‘ఈ’ అక్షరం సంగతి ఎవరూ అడగలేదు.

సిగ్నల్_సీతాకోక
అదే చెప్పబోతున్నా. ‘ఈ’ అంటే ఎడ్జ్, అంటే 2జీ. ‘హెచ్’ అంటే 3జీ. మన దేశంలో ఇప్పుడు 3జీ దాదాపు లేనట్టే, ఎయిర్‌టెల్ 2020లోనే తీసేసింది. జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైనప్పుడే నేరుగా 4జీతో వచ్చింది, దానికి 2జీ, 3జీ ఎప్పుడూ లేవు. కాబట్టి 4జీ అందకపోతే కొన్ని కంపెనీల సిమ్ 2జీకి జారుతుంది, జియో సిమ్ పూర్తిగా ఆగిపోతుంది.

4జీలో మళ్లీ బ్యాండ్లుంటాయి, అంటే సిగ్నల్ నడిచే వేర్వేరు తరంగాల దారులు. జియో 4జీ ముఖ్యంగా 850, 1800, 2300 మెగాహెర్ట్‌జ్‌లలో. అంటే బ్యాండ్ 5, 3, 40. ఎయిర్‌టెల్‌కి 900, 1800, 2100, 2300 ఉన్నాయి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న ప్రధాని అధికారికంగా ప్రారంభించారు. అది 700, 2100లలో నడుస్తుంది, అంటే బ్యాండ్ 28, బ్యాండ్ 1. ఇక్కడే చిక్కు. 2016, 17, 18లలో మన దగ్గర అమ్మిన చాలా 4జీ ఫోన్లలో బ్యాండ్ 28 లేదు. అప్పట్లో ఇక్కడ ఎవరూ దాని మీద 4జీ నడపలేదు కాబట్టి పెట్టలేదు. ఫోన్ మీద 4జీ అని రాసి ఉన్నా ఆ 4జీని అది చూడలేదు.

700 చాలా దూరం వెళుతుంది, గోడల్లోంచి కూడా బాగా దూరుతుంది. అందుకే పల్లెలకి మంచిది. కానీ దాన్ని పట్టే చెవి ఫోన్‌కి ఉండాలి.

కాలవగట్టు
గుండె జారింది మేడమ్. నేను మారింది మీరు చెప్పిన ఆ 700 కంపెనీకే.

గోంగూర_పచ్చడి
అయ్యో. మరి టౌన్‌లో ఎలా వస్తోంది?

సిగ్నల్_సీతాకోక
టౌన్‌లో 2100 కూడా ఉండి ఉంటుంది. బ్యాండ్ 1 పాత ఫోన్లలోనూ ఉంటుంది. ఊరి టవర్ మీద 700 ఒక్కటే ఉంటే అంతా అతుకుతుంది. కంగారు పడకండి, ముందు పరీక్ష చేయండి.

నిశ్శబ్దం_మోడ్
సింపుల్‌గా పాత కంపెనీకే పోర్ట్ పెట్టెయ్ అన్నా.

బడిపంతులు
కుదరదు. పోర్ట్ అయ్యాక 90 రోజులు ఆగితే గానీ మళ్లీ పోర్ట్‌కి ఒప్పుకోరు. కాలవగట్టు గారికి ఇంకా రెండు నెలలు ఉన్నట్టు లెక్క.

పాలమూరు_పొద్దు
డయలర్‌లో *#*#4636#*#* కొడితే ఒక మెనూ వస్తుంది. అందులో ‘ఎల్‌టీఈ ఓన్లీ’ పెడితే 4జీనే పట్టుకుంటుంది. నాకు పనిచేసింది.

సిగ్నల్_సీతాకోక
ఆయనకి మాత్రం అది వద్దు! బ్యాండే లేనప్పుడు ఎల్‌టీఈ ఓన్లీ పెడితే వస్తున్న ఆ ఒక్క 2జీ కూడా పోతుంది. వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే సదుపాయం) లేని ఫోన్‌లో పెడితే నెట్ వస్తుంది గానీ కాల్ రాదు, మోగట్లేదని కూడా తెలియదు. ఇంట్లో షుగర్ మనిషి ఉన్నారు, అలాంటి ప్రయోగం చేయకండి. ఎవరైనా పెట్టి ఉంటే మళ్లీ ఆటోలోకి మార్చండి.

పాలమూరు_పొద్దు
సరే అక్కా, ఇంత ఉందని తెలియదు. నాదీ వెనక్కి మార్చేశా.

బోర్డు_మాస్టారు
మొదట్లో బియ్యం మాట వచ్చింది. చెల్లెమ్మా గోంగూర_పచ్చడీ, కోపగించుకోవద్దు. మీ ఆయన ఫోన్‌ని బతికించింది బియ్యం కాదు, ఆ రెండు రోజులు దాన్ని ఆఫ్‌లో ఉంచడం. నీరు ఒక్కటే బోర్డుని అంతగా తినదు. నీరూ కరెంటూ కలిస్తే తింటుంది. బ్యాటరీ కనెక్షన్ ఉన్నంతసేపూ లోపల రాగి కరిగి చిలుము పడుతూనే ఉంటుంది. నేను మైక్రోస్కోపు కింద రోజూ చూస్తాను, కనెక్టర్ కాళ్ల చుట్టూ తెల్లటి ఉప్పు పొంగినట్టు, అంచుల్లో పచ్చగా నాచులా ఉంటుంది. బియ్యం దాన్నేం చేయగలదు? పైపెచ్చు తవుడు, నూక వెళ్లి ఛార్జింగ్ రంధ్రంలో గడ్డకడతాయి. ఐఫోన్ వాళ్లు కూడా 2024లో బియ్యంలో పెట్టొద్దని తమ సూచనల్లో రాశారు.

నీళ్లలో పడితే వెంటనే ఆఫ్ చెయ్యాలి. ఆన్ అవుతుందో లేదో అని నొక్కి చూడకూడదు. ఛార్జర్ అసలే వద్దు. సిమ్ ట్రే లాగేసి, ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని మెల్లగా తట్టాలి. ఫ్యాను కింద పెట్టాలి. హెయిర్ డ్రయ్యర్ వేడికి డిస్‌ప్లే గమ్ము, బ్యాటరీ రెండూ పాడవుతాయి. అదే రోజు మూత తీసి బ్యాటరీ కనెక్టర్ పీకి, బోర్డుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగే మనిషి దగ్గరికి తీసుకెళ్తే పదింట ఏడు నేనైతే బతికిస్తాను. వారం తర్వాత తెస్తే చెప్పలేను.

గోంగూర_పచ్చడి
కోపమేం లేదన్నయ్యా. ఇప్పుడే మా ఆయన ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో టార్చి వేసి చూశాను. నిజంగానే నూక ఉంది!! ఛార్జింగ్ సరిగ్గా ఎక్కట్లేదని నెల నుంచి కేబుల్ మీద కేబుల్ మారుస్తున్నాం.

బోర్డు_మాస్టారు
ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో అంచుల వెంట మెల్లగా తియ్యండి. గుండుసూది వద్దమ్మా, లోపలి పిన్నులు వంగిపోతాయి.

రొయ్యల_చెరువు
ఉప్పు నీళ్లయితే ఇంకా ఘోరం. మా చెరువు నీళ్లలో పడిన ఫోన్ సాయంత్రానికి చచ్చిపోయింది. అది ఐపీ 68 ఫోన్. బోర్డు మీద చూస్తే రాత్రికి రాత్రి చిలుము. వారంటీ ఉంది కదా అని తీసుకెళ్తే, సిమ్ ట్రే రంధ్రంలో చిన్న స్టిక్కర్ చూపించారు. తెల్లగా ఉండాల్సింది ఎర్రగా మారింది. నీళ్లు తగిలాయి, వారంటీ వర్తించదన్నారు. ఐపీ 68 అని పెద్దక్షరాలతో అమ్మి, తీరా నీళ్లలో పడితే ఇదా మాట?

సిగ్నల్_సీతాకోక
ఐపీ 67 అంటే మీటరు లోతు మంచినీళ్లలో అరగంట. 68 అంటే అంతకంటే ఎక్కువ, ఎంతనేది తయారీదారు చెప్పాలి. పరీక్ష కొత్త ఫోన్ మీద, నిలకడగా ఉన్న మంచినీళ్లలో చేస్తారు. ఉప్పునీరు, సబ్బునీరు, ఒకసారి కిందపడి అంచు నొక్కుకున్న ఫోన్ అందులోకి రావు. ఒక్కసారి మూత తీసి రిపేరు చేశాక ఆ సీలు మునుపటిలా ఉందనుకోవద్దు. మీ బాధ అర్థమైంది. ఆ అంకె చూసి ఫోన్ని నీళ్లలో ముంచి ఫొటోలు తీసేవాళ్లందరూ ఇది చదవాలి.

బుల్లెట్_బండి
నీళ్ల సంగతి కాదు, నాదొక దెబ్బ చెబుతా. డెలివరీ పని చేస్తాను. ఫోన్ బండి హ్యాండిల్‌కి హోల్డర్‌లో పెట్టి మ్యాప్ చూస్తూ పోతా. ఎనిమిది నెలలకి కెమెరా తెరిస్తే బొమ్మ మొత్తం నీళ్లలో ఉన్నట్టు ఊగుతోంది, లోపల్నుంచి ‘కిర్ర్’ మని చప్పుడు. కింద పడలేదు, తడవలేదు. ఎందుకిలా?

బోర్డు_మాస్టారు
కెమెరాలో కదలికని సరిచేయడానికి లెన్సుని సన్నటి తీగల మీద తేలేలా పెడతారు, ఓఐఎస్ అంటారు. బండి ఇంజను అదురు గంటల తరబడి తగిలితే అవి సాగిపోతాయి. 2021లో యాపిల్ వాళ్లే పెద్ద ఇంజను బండ్ల హ్యాండిల్‌కి నేరుగా బిగించొద్దని హెచ్చరిక ఇచ్చారు. కెమెరా మాడ్యూల్ మార్చాల్సిందే. మార్చాక అదురు తగ్గించే రబ్బరు ఉన్న హోల్డర్ వాడు, లేదా జేబులో పెట్టుకుని చెవిలో దారి విను.

బుల్లెట్_బండి
సరే అన్నా. ఈ నెల కొత్త హోల్డరే మొదటి ఖర్చు.

రెంటచింతల_ఎండ
మా ఊరి ఎండలో ఫోన్ కారు డాష్‌బోర్డు మీద పెడితే దోసె వేసుకోవచ్చు 😄 సరదాకి అన్నా గానీ, మా నాన్న ఫోన్ వెనక మూత లేచింది. మూత మధ్యలో ఉబ్బి, బల్ల మీద పెడితే గిర్రున తిరుగుతోంది. ఆయన రబ్బరు బ్యాండు వేసి వాడుతున్నారు. ప్రమాదమా?

బోర్డు_మాస్టారు
ఈ పోస్టు చదవగానే ఆపించు. రబ్బరు బ్యాండు తీసెయ్. బ్యాటరీ లోపల గ్యాస్ చేరి ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, మూత తీసి గుచ్చి గాలి తీద్దామని ఎవరన్నా అంటే వినొద్దు. ఆఫ్ చేసి, మంచానికీ పరుపుకీ దూరంగా గచ్చు మీద పెట్టి, పొద్దున్నే తీసుకెళ్లు. పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా షాపులోనే వదిలెయ్.

రెంటచింతల_ఎండ
ఆపించాను. దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారు మాస్టారూ, తలుచుకుంటే వణుకొస్తోంది.

మామ్మ_మనవడు
సందట్లో ఒక ప్రశ్న. మామ్మకి కీప్యాడ్ ఫోన్ ఉంది. ఇంట్లో అందరికీ జియో ఉందని ఆవిడ సిమ్ కూడా మార్చాం. ఫోన్ సిమ్మునే గుర్తించట్లేదు.

బడిపంతులు
పైన సీతాకోక గారు చెప్పారు కదా, జియోకి 2జీ లేదు. పాత కీప్యాడ్ ఫోన్ 2జీది. 4జీ కీప్యాడ్ ఫోన్లు దొరుకుతున్నాయి, డబ్బా మీద వోల్టీ అని రాసి ఉన్నది చూసి తీసుకోండి. బొత్తాలు అవే, మామ్మకి కొత్తగా నేర్పక్కర్లేదు.

డాలస్_నుంచి
బ్యాండ్ల గొడవ ఇక్కడా ఉంది. అమ్మానాన్న పోయినేడు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కొన్న ఫోన్లే తెచ్చారు. ఇక్కడి కంపెనీలు 2022లో 3జీ మూసేశాయి. కాబట్టి ఫోన్‌కి ఇక్కడి బ్యాండ్లు ఉండాలి, వోల్టీ కూడా ఇక్కడి నెట్‌వర్క్ ఒప్పుకోవాలి. నాన్న ఫోన్‌లో నెట్ వచ్చింది, కాల్ రాలేదు. వైఫై కాలింగ్‌తో నెట్టుకొచ్చాం. వచ్చేముందు ఇక్కడి కంపెనీ సైట్లో ఐఎంఈఐ కొట్టి చూస్తే ముందే తెలిసేది.

ఇటునుంచి పంపేవాళ్లూ జాగ్రత్త. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 నుంచి సిమ్ ట్రేనే లేదు, ఈసిమ్ ఒక్కటే. చెల్లికి పెళ్లి కానుకగా పంపాను, పాపం సిమ్ పెట్టే రంధ్రం ఎక్కడుందో అని గంటసేపు వెతికింది. ఈసిమ్‌కి మార్చుకున్నాక బాగుంది. కంపెనీ లాక్ ఉన్న ఫోనైతే అదీ కుదరదు, వాయిదాలు పూర్తిగా కట్టి అన్‌లాక్ చేయించాకే పంపండి.

నిశ్శబ్దం_మోడ్
మరి 5జీ ఫోన్ కొంటే ఈ బ్యాండ్ల తలనొప్పి ఉండదా?

సిగ్నల్_సీతాకోక
ఉంటుంది, పేరు మారుతుంది అంతే. మన దగ్గర 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియో 5జీ సొంతంగా నిలబడే రకం, ఎస్‌ఏ అంటారు. 700, 3300 రెండూ వాడుతుంది. ఎయిర్‌టెల్ మొదట 4జీ భుజమ్మీద నడిచే ఎన్‌ఎస్‌ఏ రకం తెచ్చింది. తొలినాళ్ల 5జీ ఫోన్లలో కొన్నిటికి ఒకటో రెండో బ్యాండ్లే ఉన్నాయి. కొనేముందు వివరాల్లో ఎన్28, ఎన్78 (5జీలో ఆ 700, 3300 బ్యాండ్ల పేర్లు) రెండూ ఉన్నాయో లేదో చూడండి. పల్లెలో 5జీ ఊగిసలాడుతుంటే 4జీలో పెట్టుకోండి, అస్తమానం రెండిటి మధ్య వెతకడంతోనే బ్యాటరీ కరిగిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ వేడెక్కేదీ అందుకే, టవర్‌కి వినపడాలని గట్టిగా అరుస్తుంటుంది.

పాలమూరు_పొద్దు
కాలవగట్టు అన్న సెకండ్ హ్యాండ్‌లో చూస్తాడేమో, ఒక మాట. ఐఎంఈఐ చూడకుండా డబ్బులివ్వొద్దు. ఇంగ్లిష్‌లో కేవైఎం అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆ పదిహేను అంకెలు 14422కి మెసేజ్ పెడితే ఏ ఫోనో, బ్లాక్ అయిందో చెబుతుంది. నేను చూడకుండా కొన్నాను, పదిహేను రోజులకి సిగ్నల్ పోయింది. ఎవరిదో పోగొట్టుకున్న ఫోన్. వాళ్లు సంచార్ సాథీలో, అంటే పోయిన ఫోన్లని ఆపించే ప్రభుత్వ సైట్లో బ్లాక్ చేయించారు. పోలీసు స్టేషన్‌కి వెళ్లి అప్పగించి వచ్చాను. పోయినవాళ్ల బాధ చూశాక డబ్బు పోయినందుకు ఏడుపు రాలేదు గానీ ఆరు వేలు.

బడిపంతులు
అప్పగించి మంచి పని చేశారు. ఐఎంఈఐ మార్చి ఇస్తామని కొందరు అంటుంటారు, పిల్లలు విని పడిపోతారు. టెలికమ్యూనికేషన్ల చట్టం 2023 ప్రకారం దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా.

కాలవగట్టు
పరీక్షలన్నీ చేసి వచ్చాను. వరసగా రాస్తాను.

*#06# కొడితే రెండు ఐఎంఈఐలూ వచ్చాయి, డబ్బా మీదవే. ఊపిరి పీల్చుకున్నాను.

మా పక్కింటి అబ్బాయిది అదే మోడల్, అదే ఏడు కొన్నది. వాడిది మా పాత కంపెనీ సిమ్. వరండా బల్ల మీద రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, కవర్లు తీసేసి, వాడి సిమ్ మార్చి మార్చి చూశాం. వాడి ఫోన్‌లో మైనస్ 96. అదే సిమ్ నా ఫోన్‌లో మైనస్ 118. నాలుగుసార్లు చూశాం, ఒకటీ అరా తేడా తప్ప అవే అంకెలు.

నా సిమ్ వాడి ఫోన్‌లో వేస్తే ‘ఈ’ మాత్రమే వచ్చింది గానీ ఇంటి లోపల కూడా వచ్చింది. తర్వాత మా బావమరిది కొత్త ఫోన్‌లో వేస్తే 4జీ! ఒక యాప్ వేసి చూస్తే బ్యాండ్ 28 అని చూపించింది.

సిగ్నల్_సీతాకోక
ఇంత శుభ్రంగా పరీక్ష చేసి రాసినవాళ్లు మా ఆఫీసులో కూడా తక్కువ. 22 తేడా అంటే మీ ఫోన్‌కి అందుతున్నది నూట యాభయ్యో వంతు. అది ఫోన్ తప్పు. కొత్త ఫోన్‌లో తప్ప 4జీ రాకపోవడం బ్యాండ్ సంగతి. ఇద్దరూ మీకు సగం సగం నిజం చెప్పారు.

బోర్డు_మాస్టారు
వైరే. వంద రూపాయలు కూడా ఇవ్వొద్దు. అదే షాపుకి వెళ్లి, గొడవ పడకుండా, కింది యాంటెనా వైరు గుండీ చూడమని చెప్పు. ఇచ్చేముందు ఫొటోలు కాపీ చేసుకో, సిమ్ తీసుకో, ప్యాటర్న్ చెప్పకు, నీ ఎదురుగానే విప్పమను. విప్పినప్పుడు గుండీ చోట పచ్చగా చిలుముంటే ఆల్కహాల్‌తో తుడవమను. మూత వేసేముందు సిమ్ వేసి ఆ మైనస్ అంకె చూడు, గమ్ము పెట్టాక చూస్తే మళ్లీ విప్పాలి.

గోంగూర_పచ్చడి
వెళ్లొచ్చి చెప్పండి. మా ఇంట్లో అందరం ఎదురుచూస్తున్నాం, టీవీ సీరియల్ కంటే ఇదే బాగుంది.

కాలవగట్టు
వెళ్లొచ్చాను. మాస్టారు చెప్పిన మాటలు చెప్పగానే అతను ముందు మొహం చిట్లించాడు, తర్వాత మూత తీసి తనే ‘అరె’ అన్నాడు. కింది గుండీ దాని చోట లేదు, పక్కకి ఒరిగి బ్యాటరీ అంచు మీద పడుకుని ఉంది. కూర్చోబెట్టే చోట గోరంత పచ్చ చిలుము. తుడిచి, ట్వీజరు వెనక వైపుతో నొక్కాడు. నాకూ వినపడింది, టిక్. డబ్బులు తీసుకోలేదు, టీ ఇప్పించాడు. అతను మంచివాడే, ఆ రోజు రద్దీగా ఉంది అంతే.

ఇంటికొచ్చి అదే బల్ల మీద పెట్టి పక్కింటబ్బాయి సిమ్ వేశాను. మైనస్ 97.

నా సిమ్ మాత్రం ‘ఈ’లోనే ఉంది, అయితే ఇప్పుడు వంటింట్లో కూడా ఉంది. కాల్ మోగుతోంది. నెట్ కావాలంటే మాత్రం కుదరదు. అమ్మకి వేరే ఫోన్ కొన్నాక, రెండో స్లాట్‌లో ఆవిడ పాత కంపెనీ సిమ్ వేసుకుని దాంతో నెట్ వాడుకుంటాను. ఆవిడకి బావమరిది ఫోన్‌లో పనిచేసిన నా కొత్త కంపెనీదే ఇంకో సిమ్ తీసుకుని, చవకలో బ్యాండ్ 28 ఉన్న ఫోన్ కొందామనుకుంటున్నాను. ధాన్యం డబ్బులు పడ్డాక.

బడిపంతులు
అమ్మ నంబరు బ్యాంకుకీ ఆధార్‌కీ ఉందేమో. ఆ సిమ్ మీ ఫోన్‌లో ఉన్నన్నాళ్లూ ఓటీపీలు మీకే వస్తాయి, ఆవిడకి చెప్పి ఉంచండి. ఆసుపత్రి వాళ్ల దగ్గర కూడా కొత్త నంబరు రాయించండి.

కాలవగట్టు
ఆసుపత్రి సంగతి నాకు తట్టలేదు సార్. రేపు చెకప్‌కి వెళ్తున్నాం, రాయిస్తాను.

రెంటచింతల_ఎండ
మా నాన్న బ్యాటరీ మార్పించాను. పాతది చూస్తే పూరీలా పొంగి ఉంది. ఆయన ఇప్పుడు ఫోన్ కిటికీ గట్టు మీద పెట్టి పడుకుంటున్నారు, ఎండ తగలని వైపు.

మామ్మ_మనవడు
4జీ కీప్యాడ్ వచ్చింది. మామ్మ మొదటి కాల్ మా పెద్దత్తకి. ముప్పావు గంట.

నిశ్శబ్దం_మోడ్
బ్యాండ్ 28 నా ఫోన్‌లో ఉందో లేదో ఎక్కడ చూడాలి? డబ్బా పారేశాను.

సిగ్నల్_సీతాకోక
సెట్టింగ్స్, అబౌట్ ఫోన్‌లో మోడల్ నంబరు ఉంటుంది. పేరు కాదు, నంబరు. ఒకే పేరుతో ఒక్కో దేశానికి ఒక్కో రకం వస్తుంది. ఆ నంబరుతో తయారీదారు సైట్లో నెట్‌వర్క్ అనే చోట వెతకండి, ఎఫ్‌డీడీ అని ఉన్న వరసలో బీ28 ఉందేమో చూడండి. దొరక్కపోతే ఆ నంబరు ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.